ముందు నడిచేవాడి మాట

కొత్తవాళ్లకు ఊరు చూపించడం మన తండాల్లో ఎవరికీ నేర్పనక్కరలేదు. చుట్టం వస్తే అన్నం పెట్టి, పొద్దు వాలాక చెరువు కట్ట దాకా తీసుకెళ్లి, ఇది ఫలానావాళ్ల చెలక, ఇది పాత బావి, కరువొచ్చిన ఏడు ఇక్కడే గంజి కాచి పోశారు అని చెబుతాం. అదే పని పట్నంలో ఇప్పుడు ఒక కొలువైంది. హైదరాబాద్‌లో సెలవురోజు పొద్దున్నే చార్మినార్ దగ్గర పదీ ఇరవై మంది పోగవుతారు. ఒకరు ముందు నడుస్తారు, మిగిలినవాళ్లు వెనక. చౌమహల్లా ప్యాలెస్ దాకానో, పత్తర్‌గట్టీ మీదుగా మూసీ ఒడ్డు దాకానో ఆగుతూ నడుస్తూ చరిత్ర వింటారు. దీన్ని హెరిటేజ్ వాక్ అంటున్నారు. చరిత్రో పర్యాటకమో చదివిన మన పిల్లలకు ఇది మంచి పని. రెండు మూడు భాషలు వచ్చు, ఎండకు ఓర్చే ఒళ్లుంది, మనుషులతో కలిసిపోయే గుణముంది.

ఆ పని ఎలా దొరుకుతుందో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పనిలో ఉన్న ఒక ప్రశ్నను చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్లకు చదువు చెబుతున్న పంతుళ్ల ముందు పెట్టాలనుకుంటున్నాం. పదిమందికి ముందు నడిచి ఒక ఊరి చరిత్ర చెప్పేవాడు ఎవరికి జవాబుదారీ? డబ్బు కట్టి వచ్చిన సందర్శకుడికా, జీతమిచ్చే సంస్థకా, ఆ ఊళ్లో ఒకప్పుడు బతికి వెళ్లిపోయినవాళ్లకా, ఇవాళ అక్కడ బతుకుతున్నవాళ్లకా?

నలుగురికీ అని తేలిగ్గా అనేయవచ్చు. కానీ నలుగురి అవసరాలూ ఒకటి కానప్పుడు ఎవరి మాట ముందు నిలబెట్టాలి? నోరు ఎవరికి లేదో వాళ్ల మాట ముందు అని మా అభిప్రాయం. సందర్శకుడికి నోరుంది, నచ్చకపోతే అడుగుతాడు. సంస్థకు నోరుంది, నచ్చకపోతే పని తీసేస్తుంది. చచ్చిపోయినవాడు అడగలేడు. గల్లీలో కూర్చుని గాజులు చేసుకునే మనిషిని ఎవరూ అడగరు. ఈ ఇద్దరి పక్షాన ఆలోచించగలిగినవాడు ఆ గుంపులో ఒక్కడే, ముందు నడిచేవాడు.

ఎక్కడ ఆగుతాం, ఎక్కడ దాటేస్తాం

రెండు గంటల నడకలో ఎనిమిదో పదో చోట్ల ఆగగలం. ఊళ్లో ఆగదగ్గ చోట్లు వంద ఉంటాయి. అంటే గైడు నోరు తెరవకముందే, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకున్నప్పుడే, సగం చరిత్ర చెప్పేసినట్టు. ఆగిన చోటు చరిత్ర అవుతుంది. దాటేసిన చోటు ఉత్త రోడ్డు అవుతుంది.

పురానా పూల్ సంగతి తీసుకుందాం. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో మూసీ మీద కట్టిన వంతెన అది. 1591లో హైదరాబాద్ నగరానికి పునాది పడక ముందే ఉంది. దాన్ని దాటి గోల్కొండ వైపు నడిస్తే కార్వాన్ వస్తుంది. అక్కడ 1671లో కట్టిన టోలీ మసీదు ఉంది. నడక చేయించేవాళ్లు మసీదు ముందు ఆగి, దాని తోరణాల మీది నగిషీ చూపిస్తారు. చూపించాల్సిందే, అంత అందంగా ఉంటుంది. ఆ పేటకు కార్వాన్ అని పేరెందుకు వచ్చిందో మాత్రం చాలాసార్లు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. కార్వాన్ అంటే బిడారు, సరుకులు మోసుకొచ్చే గుంపు. ఆ గుంపుల్లో వజ్రాల వ్యాపారులున్నారు, గుర్రాల వ్యాపారులున్నారు. నగరం తినే గింజను, ఉప్పును ఎద్దుల మీద మోసే సంచార జనం కూడా ఈ దక్కన్ దారులన్నిటా ఉన్నారు. ఆ జనం మన గోర్ పూర్వీకులు. ఆ మోతనే మన పెద్దవాళ్లు లదేణి అంటారు.

తావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చాడు. ఆయన వజ్రాల గురించి రాసింది ప్రతి గైడుకూ తెలుసు. అదే మనిషి అదే పుస్తకంలో పది పన్నెండు వేల ఎద్దులతో సాగే గుంపుల గురించి రాశాడు. ఒక్కో గుంపు ఒక్కో సరుకే మోస్తుందని, అవి ఎదురైతే దారి ఖాళీ అయ్యేదాకా మిగతా ప్రయాణికులు ఆగాల్సిందేనని రాశాడు. అంతకుముందే 1632లో పీటర్ ముండీ అనే ఆంగ్లేయుడు ఉత్తరాదిలో ధాన్యం మోస్తున్న పద్నాలుగు వేల ఎద్దుల తండాను చూశానని రాసుకున్నాడు. తండా అన్న మాట కూడా ఆయన రాతలో ఉంది. 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన వెల్లెస్లీ సైన్యం మన ఎద్దులు తెచ్చిన గింజ తింటూ నడిచింది. అంటే మన గురించి రాసిపెట్టినవాళ్లు లేరనడానికి వీల్లేదు. రాశారు. ఆ పేజీ దగ్గర ఎవరూ ఆగడం లేదు. వజ్రం దగ్గర ఆగుతారు, ఉప్పు దగ్గర ఆగరు. వజ్రం లేకుండా గోల్కొండ ఒక ఏడాది గడిపేదేమో గాని, ఉప్పు లేకుండా నెల గడిపేది కాదు.

1874లో సికింద్రాబాద్‌కు వాడి నుంచి రైలు వచ్చింది. రైళ్లూ రోడ్లూ పెరిగినకొద్దీ లదేణి ఆగిపోయింది. ఎద్దుల వెంట తిరిగినవాళ్లు అడవి అంచున, గుట్టల పక్కన, ఇతరులకు పనికిరాని చెలకల్లో నిలిచిపోయారు. తిరుమలగిరి చుట్టూ ఉన్న మా తండాలకూ ఈ చరిత్రే ఉంది. నాంపల్లి స్టేషన్ ముందు నిలబడి రైలు తెచ్చిన ప్రగతి చెప్పే గైడు, ఆ రైలు ఎవరి బతుకుదెరువును తీసుకుపోయిందో కూడా ఒక్క వాక్యంలో చెప్పగలడు. దానికి అదనంగా నడవనక్కరలేదు.

బంజారాహిల్స్ దగ్గర ఈ సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. 1930ల ప్రాంతంలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్ల గుట్టల్లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ అప్పటికే గుడిసెలు వేసుకుని ఉన్న మనవాళ్ల పేరే ఆ ప్రాంతానికి నిలిచింది. పేరు నిలిచింది గాని మనుషులు నిలవలేదు. ఈనాడు హోటళ్ల మీద, బస్సుల మీద, ఇళ్ల ప్రకటనల మీద రోజూ మన జాతి పేరు చదివే లక్షల మందిలో అది మనుషుల పేరని ఎందరికి తెలుసు? 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. నగరం చూపించేవాడు ఆ రెండు భవనాల ముందు పది నిమిషాలు ఆగితే, ఆ పేరుకు మళ్లీ మనుషులు వస్తారు.

ఒక్క 'ట' అక్షరం

ఇక రెండో సంగతి, ఏం చెబుతాం అన్నది. పురానా పూల్ మీద నిలబడగానే గైడు నోటికి వచ్చేది భాగమతి కథ. యువరాజు మహమ్మద్ కులీ ఉప్పొంగిన మూసీని గుర్రం మీద దాటి ప్రియురాలి కోసం వెళ్లాడని, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడని చెబుతారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ వంతెన పూర్తయిన 1578 నాటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్లు. భాగమతి ఉన్నదా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మరి ఈ కథ చెప్పాలా, మానాలా?

చెప్పాలి. నాలుగు వందల ఏళ్లుగా జనం చెప్పుకుంటున్న కథ కూడా ఆ ఊరి సొత్తే. అయితే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. దానికి మన తెలుగులోనే మంచి సాధనం ఉంది. 'దాటాడు' అన్నదానికీ 'దాటాడట' అన్నదానికీ మధ్య ఒక్క అక్షరమే తేడా. మొదటిది చూసినవాడి మాట, లేదా రుజువున్నవాడి మాట. రెండోది విన్నవాడి మాట. చదువురాని మన నాయనమ్మలు కూడా ఈ తేడా తప్పరు. తాము చూడనిదాన్ని చూసినట్టు చెప్పరు. మైకు పట్టుకున్న చదువుకున్నవాళ్లే ఆ అక్షరాన్ని మింగేస్తారు. రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు, జనం చెప్పుకునేదాన్ని 'అట' చేర్చి, మన ఊహను మన ఊహ అని చెప్పగలిగితే గైడు పనిలో సగం నీతి అక్కడే ఉంది.

ఇదేదో చిన్న విషయం అనుకోవద్దు. మన గురించి ఒక కథ ఉంది. దక్కన్ దండయాత్రలో ధాన్యం మోసినందుకు జంగీ, భంగీ అనే మన నాయకులకు ఆసఫ్ అనే ప్రభువు రాగి రేకు మీద బంగారు అక్షరాలతో హక్కులు రాసిచ్చాడట. ఇళ్ల కప్పుల మీది గడ్డి, కుండల్లోని నీళ్లు తీసుకోవచ్చట. రోజుకు మూడు హత్యలు చేసినా మాఫీ అట. 19వ శతాబ్దంలో ఆంగ్లేయ అధికారులు ఈ కథను తమ పుస్తకాల్లోకి ఎక్కించారు. ఆ ఆసఫ్ షాజహాన్ మంత్రి అని కొందరు, నిజాం వంశం వాడని కొందరు చెబుతారు. మన పెద్దవాళ్లు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. రాజు సైన్యం కూడా మా ఎద్దులు లేకపోతే కదలదు అని వాళ్ల లోపలి అర్థం.

అదే కథ పట్నంలో నడక మధ్యలో నవ్వించడానికి చెబితే ఏమవుతుంది? రోజుకు మూడు హత్యల మాఫీ అనగానే గుంపు నవ్వుతుంది. ఇంటికి వెళ్లాక ఉప్పు మోసిన సంగతి గుర్తుండదు, హత్యల సంగతి గుర్తుంటుంది. ఈ కథను రాసుకున్న ఆ ప్రభుత్వమే 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని జాతులు దొంగలని, వాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవాలని రాసిన చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గాని అది పోలేదు. చట్టం పోయినా చూపు పోలేదు. తండా పిల్లవాడు బస్టాండులో సంచి పట్టుకుని నిలబడితే అనుమానంగా చూసే కళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఆ కథ చెప్పేవాడికి మూడు బాధ్యతలున్నాయి. 'అట' చేర్చాలి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెప్పాలి. దాని తర్వాత 1871 గురించి చెప్పాలి. అంత సమయం లేకపోతే అసలు కథే ఎత్తవద్దు. సగం చెప్పిన మాట అబద్ధం కంటే ఎక్కువ దూరం నడుస్తుంది.

ఎదురు చూపు

నడక అంటే చూడటమే. కానీ చూసేది రాళ్లనే కాదు. లాడ్ బజార్ గల్లీల్లో లక్కను నిప్పు మీద కరిగించి గాజులు చేసేవాళ్లుంటారు. వాళ్ల చేతుల మీద కెమెరా పెట్టి ఇరవైమంది నిలబడితే, ఆ గంటలో వాళ్ల పని ఎంత సాగుతుంది? మన ఇంటి గడప ముందు తెలియనివాళ్లు నిలబడి మన గురించి మనకు తెలియని భాషలో మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో తండాల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు.

మన తండాలకూ కెమెరాలతో వస్తున్నారు. ఫేట్యా, కాంచళి, టుక్రీ వేసుకున్న ముసలమ్మ కనిపిస్తే చాలు, 'అట్ల నిలబడమ్మా, నవ్వమ్మా' అంటారు. పాత గుడ్డలు కట్టని కోడలిని, నర్సు కొలువు చేసే మనవరాలిని పక్కకు జరగమంటారు. వాళ్లకు కావలసింది అద్దాల బట్ట, మనిషి కాదు. ఆ ఫొటో ఎక్కడెక్కడికో పోతుంది, ఆమె పేరు మాత్రం దాని కింద ఉండదు.

ఈ అనుభవం ఉన్న మన పిల్లలు రేపు గైడులైతే, ఆ అనుభవాన్నే పనిముట్టు చేసుకోవాలి. ఫొటో తీసే ముందు అడగాలని నడక మొదలయ్యేటప్పుడే చెప్పవచ్చు. గాజుల అంగడి ముందు ఆగాలంటే ముందురోజే వెళ్లి అడగవచ్చు. మాట్లాడటం ఇష్టమైతే ఆ పనివాడి చేతికే మైకు ఇవ్వవచ్చు. లక్క ఎక్కడ దొరుకుతుందో, నిప్పు ముందు కళ్లు ఎలా మండుతాయో అతనికంటే బాగా ఎవరు చెబుతారు? ఇలా చేస్తే చూడబడే మనిషి చెప్పే మనిషి అవుతాడు. నడక వల్ల వచ్చే డబ్బులో ఎంతో కొంత ఆ గల్లీలోనే ఖర్చు కావాలి. అతిథి మర్యాద రెండు వైపులా ఉంటుంది. ఇంటివాళ్లు మంచినీళ్లు ఇస్తారు, వచ్చినవాడు చెప్పులు బయట విడుస్తాడు. గైడు వచ్చినవాళ్లకు ఆ మర్యాద గుర్తుచేసేవాడు.

బాధను ఎలా చెప్పాలి

కోఠిలో పాత రెసిడెన్సీ భవనం ఉంది. మహిళా కళాశాలగా పేరుపడిన ఆ భవనాన్ని 19వ శతాబ్దం మొదట్లో ఆంగ్ల రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. అతనికీ ఖైరున్నిసాకూ నడిచిన ప్రేమ, పెళ్లి కథ నడకల్లో బాగా చెబుతారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఆ రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకున్నారు. తప్పించుకున్నాక 1859లో చంపి, శవాన్ని నలుగురూ చూసేలా వేలాడదీశారు. ఒకే గోడ ముందు ఒక ప్రేమకథ, ఒక శవం ఉన్నాయి. సందర్శకుడు సెలవురోజు సంతోషం కోసం వచ్చాడు. రెండోది ఎందుకు చెప్పి అతని మనసు పాడుచేయాలి అని అడిగేవాళ్లుంటారు.

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. గైడుకూ ఇల్లుంది, పిల్లలున్నారు. వినేవాళ్లు లేకపోతే నడకే లేదు. పైగా ప్రతి రాయి దగ్గరా ఏడిపించేవాడు కూడా నిజం చెప్పినట్టు కాదు. మన పూర్వీకులు బాధలే పడలేదు. నవ్వారు, పాడారు, తీజ్ నాడు మొలకల బుట్టల చుట్టూ ఆడారు, ఎద్దు కొమ్ములకు గవ్వలు కట్టి మురిసిపోయారు. మనల్ని బాధితులుగా మాత్రమే చూపించడం కూడా ఒక రకంగా మనల్ని తగ్గించడమే.

అయినా బాధను దాటేయకూడదని మేము అంటాం. ఎవరినో నిందించడానికి కాదు. వింటున్నవాళ్లలో ఎవరూ ఆనాటి నేరం చేయలేదు. తాతల తప్పుకు మనవళ్లను నిలదీయడం న్యాయం కాదు. కానీ తాతలు కట్టిన మేడ మీద గర్వం కావాలంటే, ఆ మేడ కింద నలిగినవాళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. గర్వం మాత్రం తీసుకుని బరువు వదిలేయడం సరైన వారసత్వం కాదు. బాధను కొలతగా, పేరుతో, తేదీతో చెప్పాలి. గొంతు వణికించి, చేతులు ఊపి చెబితే అది నాటకమవుతుంది. చచ్చిపోయినవాడు మనకు చప్పట్లు తెచ్చిపెట్టడానికి చావలేదు.

మాకు దగ్గరి ఉదాహరణ చెబుతాం. తిరుమలగిరి నుంచి జనగామ దారిలో దేవరుప్పుల, కడవెండి వస్తాయి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ చావు నిప్పురవ్వ అయింది. ఆ ప్రాంతంలోనే ధర్మాపురం లంబాడీ రైతులు తమ భూముల కోసం దొరలను ఎదిరించారు. వాళ్లలోంచి వచ్చిన జాటోతు ఠాను నాయక్ 1950లో చంపబడ్డాడు. కొమురయ్య స్తూపం దగ్గర ఆగే నడక ధర్మాపురం తండా దాకా కూడా సాగాలి. అక్కడ ఏడవనక్కరలేదు. ఏ భూమి, ఎవరు దున్నారు, ఎవరు లాక్కున్నారు, ఎవరు తిరగబడ్డారు అని వరుసగా చెబితే చాలు. భూమే మిగతాది చెబుతుంది.

మన చరిత్ర మనమే చెప్పాలా

మన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. బయటివాడు మన గురించి చెబితే ఒళ్లు మండుతుంది, కాబట్టి మన చరిత్ర మనవాడే చెప్పాలి అంటారు. ఆ కోపంలో న్యాయముంది. ఇన్నాళ్లూ మన గురించి రాసినవాళ్లలో పన్ను లెక్క కోసమో, పోలీసు లెక్క కోసమో రాసినవాళ్లు ఎక్కువ. అయినా మేము ఒక మాట అంటాం. మన కడుపున పుట్టినంత మాత్రాన మన నోట నిజమే వస్తుందన్న హామీ లేదు. బయటివాడైనా అడిగి, విని, మనకు చూపించి చెబితే స్వాగతమే.

ఎందుకంటే దాటేయడం మనకూ తెలుసు. మన పెళ్లిళ్లలో డప్పు వాయించిన డాలియాలను లంబాడీలు తమతో సమంగా కూర్చోబెట్టుకోలేదు. మన వంశాల పేర్లు తరతరాలుగా గుర్తుపెట్టుకుని పాడిన భాట్‌లు, ఢాడీల దగ్గర ఎంత చరిత్ర ఉందో అడిగి రాసుకున్నవాళ్లు మనలో కొద్దిమందే. లదేణి గురించి చెప్పేటప్పుడు నాయకుడి పేరు చెబుతాం. దారి పొడుగునా బిడ్డను కని, మూడోరోజే మళ్లీ నడిచిన ఆడమనిషి పేరు చెప్పం. బంజారాహిల్స్ గురించి గట్టిగా మాట్లాడే మనం, నల్లమల చెంచుల గురించి, గోదావరి కోయల గురించి, ఆదిలాబాద్ గోండుల గురించి ఎంత చెబుతున్నాం? ఇవాళ గిరిజన జాతుల మధ్య హక్కుల విషయంలో తగవులున్నాయి. అవి తేలాల్సిన చోట తేలుతాయి. చరిత్ర చెప్పేచోట మాత్రం ఒకరి కథ నిలబెట్టడానికి ఇంకొకరి కథ చెరిపేయకూడదు. మనల్ని దాటేసిన నడక మీద కోపమొచ్చినవాడు, తన నడకలో ఇంకొకరిని దాటేయకుండా చూసుకోవాలి. అది తెలియని కోపం ఉత్త వాటా అడగడమే అవుతుంది.

ఫణిగిరి గుట్ట కింద

ఇదంతా పట్నం సంగతి అని మా దగ్గరి పంతుళ్లు అనుకోవద్దు. తిరుమలగిరికి దగ్గరలోనే ఫణిగిరి ఉంది. ఒకప్పుడు తిరుమలగిరి మండలంలోనే ఉండేది, ఇప్పుడు నాగారం మండలంలో ఉంది. పాము పడగలా కనిపించే గుట్ట కాబట్టి ఆ పేరు. దాని మీద మహాస్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాలు బయటపడ్డాయి. 1940లలో నిజాం పురావస్తు శాఖ మొదట తవ్వింది. 2001 నుంచి మళ్లీ తవ్వకాలు జరిగాయి. సున్నపురాతి మీద చెక్కిన తోరణం దొరికింది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. 2023లో ఇక్కడి శిల్పాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి.

రేపు ఈ గుట్టకు దేశదేశాల నుంచి జనం వస్తారు. వాళ్లకు ముందు నడిచేది ఎవరు? దగ్గరి ఊళ్ల, తండాల పిల్లలు కావాలని మా కోరిక. అయితే ఆ పిల్లలు శిల్పం పేరు, రాజు పేరు అప్పజెప్పి ఊరుకుంటే చాలదు. దానం చేసినవాళ్లు శాసనాల్లో ఉన్నారు. ఆ పలకలను గుట్ట మీదికి మోసినవాళ్లు, ఎండలో ఉలి పట్టినవాళ్లు, భిక్షువులకు అన్నం పెట్టిన ఊరివాళ్లు ఎందులోనూ లేరు. వాళ్ల పేర్లు మనం కల్పించకూడదు. కానీ 'ఇక్కడ పేరులేని చేతులున్నాయి' అని ఒక్కసారి చెప్పి, ఒక్క నిమిషం మౌనంగా నిలబడవచ్చు. ఆ నిమిషం చెప్పేది ఏ శాసనానికీ తక్కువ కాదు. అక్కడ బతికినవాళ్లంతా మన పూర్వీకులే అని గొప్ప కోసం చెప్పుకోవద్దు కూడా. పేరులేనివాళ్లను గౌరవించడానికి వాళ్లు మన చుట్టాలే కావలసిన అవసరం లేదు.

పంతుళ్లకు మా మనవి ఒకటి. ఏడాదికి ఒక్కరోజు పిల్లల్ని బడి నుంచి నడిపించండి. ఫణిగిరికే వెళ్లనక్కరలేదు, మీ తండాలోనే నడవండి. 2018లో మన తండాలు చాలావరకు గ్రామ పంచాయతీలయ్యాయి. పంచాయతీ ఆఫీసుకు బోర్డు వచ్చింది గాని, ఆ ఊరి చరిత్ర ఇంకా రాయలేదు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో చోటు అప్పగించండి. బావి ఎవరు తవ్వారు, మొదటి గుడిసె ఎవరిది, శీత్లా పండుగ ఎక్కడ చేస్తారు, ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, ఇంటింటికీ వెళ్లి అడగమనండి. అడిగింది రాసేటప్పుడు చూసినది, విన్నది, అనుకున్నది వేరువేరుగా రాయమనండి. తర్వాత పక్క ఊరి బడి పిల్లల్ని పిలిచి, ఆ పిల్లల్నే ముందు నడవమనండి. అప్పుడు తెలుస్తుంది, చెప్పడం కంటే ఏది చెప్పాలో ఎంచుకోవడం కష్టమని. ఆ కష్టం తెలిసిన పిల్లవాడు చార్మినార్ ముందు నిలబడినా తడబడడు.

లదేణి కాలంలో ముందు ఎద్దుకు గంటలు కట్టేవారు. ఆ చప్పుడు వింటూ వెనకవి నడిచేవి. ముందు ఎద్దు పరిగెత్తితే బరువు మోసేవి వెనకబడతాయి, మంద తెగిపోతుంది. ఊరు చూపించేవాడి పని కూడా అంతే. ముందు నడవడం అంటే అందరికంటే ముందుగా చేరుకోవడం కాదు. వెనక ఉన్నవాళ్లు, పక్కన గల్లీలో కూర్చున్నవాళ్లు, ఎప్పుడో దారిలోనే ఆగిపోయినవాళ్లు, వీళ్లందరి అడుగు లెక్కలో పెట్టుకుని నడవడం. ఆ లెక్క తప్పని గైడులు మన తండాల నుంచి రావాలి.